అమ్మ ప్రార్థన మా తమ్ముణ్ణి కాపాడిందా? మరి వెనక కూర్చున్న అబ్బాయి సంగతి?

చీరాలమ్మాయి
అందరికీ వందనాలు. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. కొన్నాళ్ళుగా ఒక విషయం మింగుడుపడట్లేదు. ఇంట్లో అడిగితే అమ్మ బాధపడుతుందని ఇక్కడికొచ్చాను.

మా అమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి విజ్ఞాపన ప్రార్థన, అంటే ఇతరుల కోసం దేవుణ్ణి వేడుకునే ప్రార్థన చేస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అంతే. ఆవిడకి ఒక నోటుబుక్కు ఉంది, రెండువందల పేజీలది. అట్ట ఊడిపోతే బియ్యం సంచి దారంతో కుట్టుకుంది. దాన్నిండా పేర్లే. మొదటి పేజీ మేము, తర్వాత చుట్టాలు, సంఘంవాళ్ళు, వీధివాళ్ళు. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి పేరు కూడా ఉంది. ఒక్కో పేరు మీద వేలు పెట్టి "ప్రభువా, వీణ్ణి కీడునుంచి తప్పించు, చుట్టూ నీ కంచె వెయ్యి" అనుకుంటూ కిందికి వెళ్తుంది. జవాబు వచ్చిన పేరుకి ఎర్ర పెన్నుతో టిక్కు పెడుతుంది.

రెండు నెలల కిందట మా తమ్ముడు, వాడి స్నేహితుడు ఒంగోలునుంచి రాత్రిపూట బైక్ మీద వస్తూ ఆగి ఉన్న లారీని గుద్దుకున్నారు. తమ్ముడికి కాలు విరిగింది, రాడ్ వేశారు. వెనక కూర్చున్న అబ్బాయి అక్కడికక్కడే పోయాడు. ఆ అబ్బాయిదీ మా సంఘమే. వాళ్ళమ్మా మా అమ్మా కలిసే శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వెళ్ళేవాళ్ళు. ఆ అబ్బాయి పేరు మా అమ్మ నోటుబుక్కులో ఉంది.

తమ్ముడు ఇంటికొచ్చాక కృతజ్ఞత కూడిక పెట్టాం. అమ్మ సాక్ష్యం చెప్పింది. "నేను నాలుగింటికి చేసిన ప్రార్థన విని దేవుడు నా బిడ్డ చుట్టూ కంచె వేశాడు" అంది. అందరూ హల్లెలూయ అన్నారు. నేను ఆకులు సర్దుతూ అటు చూశాను. ఆ అబ్బాయి తల్లి చాప చివర కూర్చుని ఉంది. ఆవిడ కూడా చెయ్యెత్తింది. అందరూ దించాక కూడా ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంది. భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయింది.

ఆవిడ కూడా ప్రార్థన చేసే మనిషే కదా. మా అమ్మ కంచె వేయించగలిగితే ఆవిడ ఎందుకు వేయించలేకపోయింది? మా అమ్మ సాక్ష్యం తప్పా? నాకు విశ్వాసం పోలేదు. కానీ ఆ చెయ్యి కళ్ళముందునుంచి పోవట్లేదు.

మేడగది
ప్రభువు నామమున వందనాలు సిస్టర్. ముందు, మీ తమ్ముడి విషయంలో దేవునికి స్తోత్రం. అమ్మగారి సాక్ష్యాన్ని శంకించకండి. విజ్ఞాపన ప్రార్థన అంటే బద్దలైన సందుల్లో నిలబడటం. యెహెజ్కేలు 22:30లో దేవుడే అంటున్నాడు, ప్రాకారం బద్దలైన చోట నిలబడేవాడి కోసం వెతికాను, ఒక్కడూ దొరకలేదని. గోడకి సందు ఉంటే శత్రువు అందులోంచే వస్తాడు. మనం పోరాడేది శరీరులతో కాదు, ఎఫెసీ 6:12 చూడండి. అమ్మగారు సందులో నిలబడ్డారు, మీ తమ్ముడు బతికాడు. అవతలి కుటుంబంలో ఏ సందు తెరిచి ఉందో మనకేం తెలుసు? అది దేవునికే తెలియాలి.

సందేహి_కరీంనగర్
బిడ్డ పోయిన తల్లికి "మీ గోడకి సందు ఉంది" అని చెప్పడమేంటండీ. ఆవిడ చదివితే ఏమవుతుంది?

మేడగది
ఆవిడకి చెప్పలేదు బ్రదర్. వాక్యం చెప్పాను.

తెనాలి_బాబాయ్
అమ్మాయ్, నేను ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, ఆదివారం బడి కూడా నడిపాను. కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టు.

కంచె అన్న మాట బైబిల్లో యోబు అనే భక్తుడి కథ చెప్పే గ్రంథంలోది. "నీవు అతనికిని అతని యింటివారికిని అతనికి కలిగిన సమస్తమునకును చుట్టు కంచె వేసితివి గదా?" మన సంఘాల్లో దీన్ని దేవుని వాగ్దానంలాగా గోడమీద రాస్తారు. ఎవరు అన్నారో చూసుకోరు. అన్నది సాతాను! దేవుడు కంచె వేశాడు కాబట్టే యోబు భక్తిగా ఉన్నాడు, తీసేస్తే తెలుస్తుంది వీడి సంగతి అని వాడి వాదన. భక్తికి, కంచెకి మధ్య లెక్క కట్టిన మొదటి గుమాస్తా వాడే.

అదే అధ్యాయంలో ఇంకా ముందు, అయిదో వచనం చూడు. యోబు తెల్లవారుజామునే లేచి ఒక్కో బిడ్డ పేరిట దహనబలి ఇచ్చేవాడు. నా పిల్లలు మనసులో ఏమైనా తప్పు చేశారేమో అని. నిత్యం అలా చేసేవాడని రాసి ఉంది. అంటే మీ అమ్మ నోటుబుక్కు లాంటిదే ఆయనకీ ఉంది. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. పెనుగాలి కొట్టి ఇల్లు కూలి పదిమందీ పోయారు. ఆయన ప్రార్థనలో సందు ఉందని ముగ్గురు స్నేహితులు దాదాపు పుస్తకమంతా వాదించారు. చివరికి దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడు? ఆ ముగ్గురి మీద. మేడగది గారూ, నొప్పించాలని కాదు, ఆ పుస్తకం చివరి అధ్యాయం ఒకసారి చదవండి. ఆ ముగ్గురి కోసం విజ్ఞాపన చేసింది మళ్ళీ యోబే.

జపమాల
బాబాయ్ గారూ, బాగా చెప్పారు. ఇంకోటి. 91వ కీర్తన మన ఇళ్ళలో తలుపులమీద ఉంటుంది, "మహోన్నతుని చాటున" అని. మా ఇంట్లో కూడా ఉంది. దాంట్లోని దూతల మాటని యేసు దగ్గర ఎత్తి చూపించింది కూడా సాతానే. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకు, నీ పాదానికి రాయి తగలకుండా దూతలు ఎత్తి పట్టుకుంటారు అన్నాడు. 11, 12 వచనాలు చెప్పి ఆపేశాడు. ఆ తర్వాతి వచనంలో పాముని తొక్కడం గురించి ఉంది, అది మాత్రం నోట రాలేదు. :)

నేను కథోలిక్. మా పద్ధతిలో రోజూ జపమాలలో "ఇప్పుడును, మా మరణ సమయమందును" మా కోసం ప్రార్థించమని మరియమ్మని అడుగుతాం. మరణం రాకుండా చూడమని కాదు, ఆ సమయంలో పక్కన ఉండమని. చిన్నప్పుడు గుణదల తిరునాళ్ళకి మా నాయనమ్మతో కొండ ఎక్కేదాన్ని. మా తాతయ్య పోయిన ఏడాది కూడా ఎక్కింది. "మొక్కు తీరకపోయినా ఎందుకెక్కుతున్నావు" అంటే "తల్లి దగ్గరికి పని ఉంటేనే వెళ్తామా" అంది.

కొత్తనిబంధన_చాలు
మరియమ్మని అడగడం ఎక్కడుంది? దేవునికి నరులకి మధ్యవర్తి ఒక్కడే. 1 తిమోతి 2:5.

జపమాల
అదే అధ్యాయం మొదటి వచనంలో అందరి కోసం విజ్ఞాపనలు చెయ్యమని పౌలు అంటాడు. మీరు మీ పాస్టరు గారిని "నా కోసం ప్రార్థించండి అయ్యగారూ" అని అడగట్లేదా? మేము పైనున్నవాళ్ళని కూడా అడుగుతాం.

కొత్తనిబంధన_చాలు
బ్రతికున్నవాళ్ళని అడగడం వేరు, చనిపోయినవాళ్ళని

నిర్వాహకుడు
ఈ గొడవకి వేరే దారం (థ్రెడ్) ఉంది, అక్కడ నాలుగేళ్ళుగా నడుస్తోంది, అక్కడ కానివ్వండి. ఇక్కడ ఒకమ్మాయి వేరే సంగతి అడిగింది.

సందేహి_కరీంనగర్
నేను నమ్మేవాణ్ణి కాదు, కానీ మా అత్తగారివైపు అందరూ క్రైస్తవులే, అందుకే ఇక్కడ చదువుతుంటాను. వాక్యాల మధ్య ఒక లెక్క కూడా పెడతా, తిట్టకండి.

ప్రార్థన పని చేస్తదా అని అమెరికాలో పెద్ద పరీక్షే చేశారు. హెర్బర్ట్ బెన్సన్ అనే డాక్టరు బృందం, 2006లో అమెరికన్ హార్ట్ జర్నల్‌లో వచ్చింది. ఆరు ఆసుపత్రుల్లో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది. మూడు గుంపులు. ఒక గుంపు కోసం ప్రార్థన చేయించారు, వాళ్ళకి ఆ సంగతి ఖాయంగా చెప్పలేదు. ఇంకో గుంపుకి చేయించలేదు, వాళ్ళకీ ఖాయంగా చెప్పలేదు. మూడో గుంపుకి చేయించి, చేయిస్తున్నామని చెప్పారు. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చింది మొదటి గుంపులో 52 శాతానికి, రెండో గుంపులో 51 శాతానికి. అంటే తేడా లేనట్టే. తమకోసం ప్రార్థిస్తున్నారని తెలిసిన వాళ్ళలో 59 శాతం! "నా కోసం ప్రార్థన పెట్టేదాకా వచ్చిందా" అని టెన్షన్ పడ్డారేమో అని కూడా కొందరన్నారు.

కాబట్టి చెల్లె, మీ అమ్మ ప్రార్థన వల్ల తమ్ముడు బతకలేదు, ఆవిడ ప్రార్థన లోపం వల్ల ఆ అబ్బాయి పోలేదు. ఇలా అనుకుంటే ఇద్దరు తల్లులకీ భారం తగ్గుతది కదా.

రాత్రిడ్యూటీ
సందేహి గారూ, ఆ పరీక్ష గురించి మా నర్సింగ్ క్లాసులో చర్చ పెట్టారు. ప్రార్థన చేసినవాళ్ళకి రోగి మొదటి పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం ఇచ్చారు, అంతే. ముఖం తెలియదు. పద్నాలుగు రోజులు, రాసిచ్చిన వాక్యం. ఆ పద్ధతిలో చేసినది పనిచెయ్యలేదని తేలింది, ఒప్పుకుంటా. కానీ చీరాలమ్మాయి వాళ్ళమ్మ చేసేది అదే పని అని నేననుకోను. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి పేరు రాసుకున్న మనిషికి ఆ అబ్బాయి మోకాలి నొప్పి కూడా తెలిసే ఉంటుంది.

నేను ఐసీయూలో పన్నెండేళ్ళుగా చేస్తున్నాను. అన్ని మతాలవాళ్ళూ వస్తారు. విభూతి పెడతారు, తాయెత్తు కడతారు, మనవాళ్ళు నూనె రాస్తారు. కుట్లమీద, ట్యూబు దగ్గర మాత్రం రాయనివ్వను, నుదుటిమీద రాసుకోండి అంటాను. ప్రార్థన చేసినవాళ్ళందరూ బతకలేదు. చెయ్యనివాళ్ళందరూ పోలేదు. ఇది కళ్ళతో చూసిన లెక్క. కానీ ఒకటి చూశాను. మంచం పక్కన నిలబడి రోగి పేరు పలికి ప్రార్థన చేసిన మనిషి ఆ తర్వాత మమ్మల్ని అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. "వీడికి రాత్రి దాహం వేసిందా" అని అడుగుతారు.

ఒక మొరటు ప్రశ్న. తమ్ముడు హెల్మెట్ పెట్టుకున్నాడా?

చీరాలమ్మాయి
పెట్టుకున్నాడు అక్కా. ఆ అబ్బాయి పెట్టుకోలేదు. రెండో హెల్మెట్ మా ఇంట్లోనే ఉంది, ఫ్రిజ్ మీద. తమ్ముడు తీసుకెళ్ళలేదు. వాడు ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, నాతో తప్ప. రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు. అమ్మ సాక్ష్యం చెప్తుంటే లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

రాత్రిడ్యూటీ
అనుకున్నాను. తలదెబ్బ కేసులు చూసేవాళ్ళకి మొదట వచ్చే ప్రశ్న అదే. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా హెల్మెట్ ఉండాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లోనే ఉంది, మన ఊళ్ళలో ఎవరూ పట్టించుకోరు. తమ్ముడికి కౌన్సెలింగ్ ఇప్పించు అమ్మా. ప్రార్థన చేయించు, కానీ డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళు. నిద్ర పట్టకపోవడం ఇంకో నెల దాటితే ఆలస్యం చెయ్యకు.

సందేహి_కరీంనగర్
అంటే కంచె ఫ్రిజ్ మీదే ఉందన్నట్టు.

జపమాల
సందేహి గారూ, ఆ మాట ఇప్పుడు అవసరమా?

సందేహి_కరీంనగర్
సారీ. నోటి దూల. నిజంగానే సారీ చెల్లె.

కువైట్_అన్న
నేను ఎక్కువ చదువుకున్నవాణ్ణి కాదు. కడపవైపునుంచి వచ్చి ఇక్కడ డ్రైవర్‌గా చేస్తున్నాను. శుక్రవారం సెలవు దొరికితే కువైట్ సిటీలో ఎవాంజెలికల్ చర్చి ఆవరణకి పోతాం. అక్కడ ఎన్ని భాషల ఆరాధనలో, ఒక గదిలో మనది, పక్క గదిలో వాళ్ళది. మా కూడికలో ప్రార్థన అంశాలు చెప్పమంటే సగం మంది లేచేది ఒక్కదానికే, ఊళ్ళో అమ్మకి బాగాలేదు అని. అమ్మ అక్కడ మా కోసం చేస్తా ఉంటుంది, మేము ఇక్కడ అమ్మ కోసం. సముద్రం మీద రెండు తాళ్ళు కట్టినట్టు.

నాకూ ఒకసారి ఎడారి రోడ్డులో టైరు పేలింది. బతికాను. ఆ టైముకి ఊళ్ళో అమ్మకి మెలకువ వచ్చి ప్రార్థన చేసిందని చెప్పింది. నిజమో కాదో నాకు తెలియదు, గడియారం ఎవరు చూశారు. కానీ చెల్లీ, ఒంటరిగా ఉన్నవాడికి నా పేరు ఈ రాత్రి ఎవరో ఒకరు పలికారు అన్నదే పెద్ద ధైర్యం. దానివల్లే ఇక్కడ చాలా చెడ్డపనులకి దూరంగా ఉన్నాను. కీడు అంటే యాక్సిడెంట్ ఒక్కటే కాదు కదా.

చిన్నప్రశ్నోత్తరి
కువైట్ అన్నా, మీరు తెలియకుండానే అసలు సంగతి పట్టుకున్నారు. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. మిషనరీ హయ్యరు దొర 1842లో గుంటూరు వచ్చినప్పటినుంచీ మా ముత్తాతలు ఇదే సంఘం. ప్రభువు ప్రార్థనలో చివరి విన్నపం ఉంది కదా. బైబిల్లో "దుష్టునినుండి మమ్మును తప్పించుము" అని చదువుతాం. ఆరాధనలో పలికేటప్పుడు చాలా సంఘాల్లో "కీడునుండి" అంటారు. కొత్త నిబంధన మూలభాష గ్రీకులో ఆ మాటని రెండు రకాలుగానూ తీసుకోవచ్చు, ఆ రూపం రెండిటికీ ఒకటే. దుష్టుడు అంటే సాతాను. కీడు అంటే చెడు, ఆపద, ఏదైనా. గ్రీకు పితరులు, అంటే తొలి శతాబ్దాల సంఘ గురువులు, ఎక్కువగా దుష్టుడు అని తీసుకున్నారు, లాటిన్ సంప్రదాయంలో కీడు అన్న అర్థం కూడా గట్టిగా నిలిచింది.

ఈ తేడా చిన్నది కాదు. "కీడునుంచి" అని మాత్రమే తీసుకుంటే లారీ, కరెంటు షాక్, క్యాన్సర్, పక్కింటావిడ దిష్టి అన్నీ ఒకే మూటలో పడతాయి. "దుష్టునినుంచి" అంటే అడిగేది వేరు. ఏమొచ్చినా నేను వాడి చేతికి చిక్కకూడదు, దేవుణ్ణి విడిచిపెట్టకూడదు, ద్వేషంలో పడిపోకూడదు. యేసు తన శిష్యుడు పేతురు కోసం చేసిన విజ్ఞాపన చూడండి. సాతాను మిమ్మల్ని గోధుమల్లా జల్లించాలని అడిగాడు, అన్నాడు. జల్లించకుండా ఆపుతాను అనలేదు. "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అన్నాడు. జల్లెడ ఆడింది. పేతురు మూడుసార్లు యేసుని ఎరగనన్నాడు. నమ్మిక మాత్రం పోలేదు. యోహాను 17:15 కూడా అంతే, లోకంలోనుంచి తీసుకుపొమ్మని కాదు, దుష్టునినుంచి కాపాడమని.

మేడగది
అయితే రోగం, ప్రమాదం గురించి ప్రార్థించకూడదా? యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఏం చేస్తారు? నూనె రాసి ప్రార్థించమన్నాడుగా.

చిన్నప్రశ్నోత్తరి
తప్పకుండా ప్రార్థించాలి. మా సంఘానికి మూలపురుషుడు మార్టిన్ లూథరు రాసిన ఉదయ ప్రార్థనలోనే ఉంది, నీ పరిశుద్ధ దూత నాతో ఉండాలి, శత్రువుకి నా మీద అధికారం ఉండకూడదు అని. అది చెప్పుకుని సంతోషంగా పనికి వెళ్ళమన్నాడు. అడగాలి. దొరికిందాన్ని బట్టి పక్కవాడికి మార్కులు వెయ్యకూడదు.

ఒకప్పటి_సభ్యుడు
నాదొక కడుపుమంట కూడా రాసుకోనివ్వండి. మా నాన్నకి కిడ్నీలు పాడైనప్పుడు ఒక ప్రార్థనా గృహం వాళ్ళ దగ్గరికి వెళ్ళాం. పేరు చెప్పను. నెలకింత కానుక పంపితే పేరు రాసి రాత్రీపగలూ విజ్ఞాపన చేస్తారట. నూనె సీసాలు, రుమాళ్ళు. ఆరు నెలలు కట్టాం. ఏడో నెల డయాలసిస్ ఖర్చుకి డబ్బు లేక ఆపేస్తే ఫోన్ చేసి "కంచె తీసేసుకుంటున్నారు జాగ్రత్త" అన్నారు. నాన్న పోయాక ఇంకో ఫోన్, "చెప్పాం కదా" అని. ఆ తర్వాత నేను ఏ చర్చి గడపా తొక్కలేదు. కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకినట్టు దేవుడు కూడా పీకుతాడా?

మేడగది
బ్రదర్, వాళ్ళు చేసింది పాపం. మా కూడికలో కానుక పెట్టె కూడా ఉండదు. మీ నాన్నగారి పేరు నాకు పంపండి అని అడగాలనుంది, కానీ మీరు పంపరని తెలుసు. అయినా మీకోసం చేస్తాను, పేరు తెలియకుండానే.

ఒకప్పటి_సభ్యుడు
చెయ్యండి. ఫోన్ మాత్రం చెయ్యకండి.

తెనాలి_బాబాయ్
ఒంగోలు మాట వచ్చింది కాబట్టి. చీరాలమ్మాయ్, ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కావా ఎప్పుడైనా? 1854 జనవరి 1న, తెల్లవారుతుండగా, అమెరికా బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ఇంకో ముగ్గురు తెలుగువాళ్ళు, మొత్తం అయిదుగురు ఆ కొండ ఎక్కి కిందనున్న ఊరి కోసం మోకాళ్ళమీద పడ్డారు. వాళ్ళ మిషన్ మూసేద్దామన్న మాట అప్పటికే అమెరికాలో వచ్చింది. ఒంగోలుకి మనిషి కావాలని అడిగారు, ఇంకో మిషనరీ క్లౌ దొర వచ్చేసరికి 1866. పన్నెండేళ్ళు!

సరే, మనిషి వచ్చాడు. తర్వాత ఏం వచ్చింది? 1876-78 కరువు. వెనకే కలరా. ప్రార్థించినవాళ్ళ పిల్లలూ పోయారు, ప్రార్థించనివాళ్ళ పిల్లలూ పోయారు. కొండ మీది ప్రార్థన కరువుని ఆపలేదు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. గంజికోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చారు. ఆ అంకె మాత్రం ప్రతి సువార్త కూటంలో వినపడుతుంది. కాలువ తవ్విన సంగతి చెప్పేవాళ్ళు తక్కువ. నాకు కాలువే ఎక్కువ నచ్చుతుంది.

ఇక నీ ప్రశ్నకి దగ్గరగా ఉన్న అధ్యాయం అపొస్తలుల కార్యములు 12. హేరోదు రాజు యేసు శిష్యుడు యాకోబుని కత్తితో చంపించాడు. అది ఒక్క వచనం. తర్వాత పేతురుని పట్టుకుని చెరలో వేశాడు, కాపలాకి నలుగురేసి నాలుగు జట్లు. సంఘం అత్యాసక్తితో ప్రార్థించింది. దూత వచ్చాడు, సంకెళ్ళు ఊడాయి, ఇనుప గవిని (ద్వారం) దానంతటదే తెరుచుకుంది. పేతురు మార్కు వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళి తలుపు తడితే రొదే అనే పనిపిల్ల గొంతు గుర్తుపట్టి, ఆ సంతోషంలో తలుపు తియ్యడం మర్చిపోయి లోపలికి పరుగెత్తింది. లోపల ప్రార్థిస్తున్నవాళ్ళేమన్నారు? నీకు పిచ్చి అన్నారు. వాళ్ళ విశ్వాసం అంత గొప్పది! పేతురు విడుదలకి వాళ్ళ విశ్వాసం బరువు కారణమని చెప్పడానికి ఆ పుస్తకం రాసిన లూకా చోటే ఇవ్వలేదు.

మరి యాకోబు కోసం ప్రార్థించలేదా? రాయలేదు. కానీ యాకోబు తల్లి గురించి మత్తయి 20లో ఉంది. జెబెదయి భార్య. ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని యేసుకి మొక్కి, నా బిడ్డల్లో ఒకణ్ణి నీ కుడివైపు, ఒకణ్ణి ఎడమవైపు కూర్చోబెట్టు అని అడిగింది. తల్లి విజ్ఞాపన అంటే అదే కదమ్మా. నేను త్రాగబోయే గిన్నె వీళ్ళు తాగగలరా అన్నాడు ఆయన. తాగగలం అన్నారు కుర్రాళ్ళు. ఇద్దరిలో ఒకడు హేరోదు కత్తికి పోయాడు.

పేతురు విడుదలైన రాత్రి మార్కు వాళ్ళింట్లో జనం మధ్య ఆ తల్లి ఉందో లేదో నాకు తెలియదు. ఉండి ఉంటే ఏ మూల కూర్చుందో అని ఆ అధ్యాయం చదివినప్పుడల్లా అనుకుంటాను. పేతురు మాత్రం ఆ రాత్రి తన సంగతి చెప్పి, యాకోబుకి, సహోదరులకి తెలియజెయ్యండి అని వెళ్ళిపోయాడు. ఈ యాకోబు వేరు, ప్రభువు సహోదరుడు. అయినా ఆ పేరు ఆ ఇంట్లో వినగానే ఎవరో ఒకరి గుండె జల్లుమని ఉంటుంది.

మీ అమ్మ సాక్ష్యం తప్పు కాదు. బిడ్డ బతికితే స్తోత్రం చెప్పక ఏం చేస్తుంది? కాకపోతే "నా ప్రార్థన విని" అన్నచోట "నా బిడ్డ బతికాడు, పక్కింటి బిడ్డ పోయాడు, ఎందుకో నాకు తెలియదు" అని ఉంటే ఆవిడ భోజనం చేసి వెళ్ళేదేమో.

జపమాల
బాబాయ్ గారూ, ఆ యాకోబు తల్లి సంగతి నాకెప్పుడూ తట్టలేదు. మా విచారణ (పారిష్) గురువులకి పంపిస్తాను.

కొత్తనిబంధన_చాలు
ఇది బాగుంది. నేను కూడా పంపిస్తా.

మేడగది
చీరాలమ్మాయి సిస్టర్, మొదట నేను రాసింది రెండు రోజులుగా చదువుకుంటున్నాను. నాకు పెళ్ళైన కొత్తలో కడుపు పోయింది. అప్పుడు ఒక పెద్దావిడ "ఏదో సందు ఉంది, చూసుకో" అంది. నేను ఇంట్లో ప్రతి బీరువా వెతికాను, ఎవరైనా ఏమైనా పెట్టారేమో అని. తలగడ కూడా విప్పి చూశాను. దూది తప్ప ఏమీ లేదు. ఆ మాట నాకెంత నొప్పి పెట్టిందో గుర్తుండి కూడా అదే మాట మీకు రాశాను. క్షమించండి. సందులో నిలబడటం నేను ఇప్పటికీ నమ్ముతాను. శత్రువు ఉన్నాడనీ నమ్ముతాను. కానీ సందులో నిలబడాల్సింది మనం. వేలు పెట్టి చూపించడానికి కాదు.

సందేహి_కరీంనగర్
మేడగది అక్కా, మీతో వాదించడానికి పేరా రాసి పెట్టుకున్నా. తీసేస్తున్నా.

చీరాలమ్మాయి
వారం తర్వాత రాస్తున్నాను. బాబాయ్ గారు రాసింది ఫోన్‌లో అమ్మకి చదివి వినిపించాను. యోబు దగ్గర "తెలుసులే" అంది. జెబెదయి భార్య దగ్గర ఏమీ అనలేదు, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

తమ్ముణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. హెల్మెట్ సంగతి వాడే అమ్మకి చెప్పాడు. ఆ అబ్బాయి వాళ్ళింటికి వెళ్ళి చెప్తానంటున్నాడు. ఇప్పుడే వద్దు, కాస్త ఆగు అంది అమ్మ. ఎప్పుడు చెప్పాలో మాకెవరికీ తెలియట్లేదు.

మొన్న తెల్లవారుజామున లేచి వంటింట్లో అమ్మ వెనక నిలబడ్డాను. నోటుబుక్కులో ఆ అబ్బాయి పేరు అలాగే ఉంది. టిక్కు లేదు, కొట్టివేత లేదు. వేలు ఆ పేరు మీదికి వచ్చింది, అక్కడ ఆగింది. నోట మాట రాలేదు. తర్వాత పక్కన సందులో చిన్న అక్షరాలతో వాళ్ళమ్మ పేరు రాసి కిందికి వెళ్ళింది.

గురువారం కూడికకి ఆవిడ రాలేదు. కూడిక మధ్యలోనే లేచి అమ్మే వాళ్ళింటికి వెళ్ళింది. ప్రార్థన చేశావా అని అడిగితే లేదంది. ఆవిడ ముందు చాటలో చిక్కుడుకాయలు ఉన్నాయట, ఇద్దరూ కూర్చుని ఈనెలు తీశారట. చీకటి పడేదాకా.